వేటకుక్కల వంశావళి



బడిపిల్లలకు శబ్దమంజరియు పద్యములును వల్లె వేయించి విశ్రాంతి గొనిన పండితుడు కుక్కల వంశములనుగూర్చి ఉపన్యసించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, అందు దోషము లేదు. మహాభారతమున ఆదిపర్వములో సరమ యను దేవశుని, తన బిడ్డను నిష్కారణముగా కొట్టిరని జనమేజయుని యొద్దకు వచ్చి న్యాయ మడిగినది. తుదిని ధర్మరాజు వెంట నడచినదియు కుక్కయే. కావున ఈ ప్రసంగము పండితునకు పరాయిది కాదు.

ఐనను నేడు నేను చెప్పబూనినది కుక్కల గొప్పతనము కాదు, వాని వంశపత్రముల చరిత్ర. ఎడ్ల సంతలో ఒకడు కోడెదూడ మెడమీద చేయివేసి, "దీని తండ్రి ఫలానా దేవరయెద్దు" అని చెప్పును. ఆ మాటకు మీరు నూఱో వేయో ఎక్కువ యిత్తురు. ఆ మాట నిజమని యెట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన దేశములలో ఇంగ్లాండు ముఖ్యమైనది. అచ్చట తుపాకి వేటకు పనికివచ్చు కుక్కల విషయమున రెండువందల యేండ్లకు పైగా ఈ వెదకులాట జరిగినది. అందు నిజమును కలదు, బొంకును కలదు. రెండింటిని వేఱుచేసిన విధము వినదగినది.

మొదట ఆ కుక్క యెట్టిదో చెప్పవలెను. మన ప్రబంధములలోని వేటకుక్కలు తఱుమునవి, పైబడి కఱచునవి. పాయింటరు అను కుక్క అట్టిది కాదు. బీటిలో ఎదురుగాలికి పరుగెత్తుచు, గడ్డిలో దాగిన కౌజు వాసన తగులగానే నడచుచున్నది నడచుచున్నట్లే బిగిసి నిలుచును. ముక్కు పక్షివైపు చాచి, తోక బిఱ్ఱుగా పెట్టి, ఒక్కొక్కతఱి ముందుకా లొకటి పైకెత్తి, వేటగాడు తుపాకితో దగ్గఱకు వచ్చువఱకు బొమ్మవలె నుండును. సెట్టరు అనునది దానికి దాయాది; పొడుగుబొచ్చు గలది. తుపాకులు ప్రబలక పూర్వము అది పక్షుల కెదురుగా నేలకు అణగి పరుండెడిది. వేటగాండ్రు వలను ఈడ్చుకొని వచ్చి పక్షులమీదను కుక్కమీదను గూడ కప్పెడివారు.

పట్టవలసిన పిట్ట ఎదుట నుండగా పట్టక నిలుచుట మాంసాహార జంతువునకు సహజమైన పని కాదు. శిక్షణచే ఆ నిలుకడ గట్టిపడును గాని, దాని మూలము నెత్తురులోనే యున్నది. రెండు మాసముల కూన ముందు కఱ్ఱకు దారము గట్టి ఈక నొకదాని నాడించినచో, ఎవరును నేర్పకయే అది బిగిసి నిలుచుట కలదు. గుణము పుట్టుకతో వచ్చునదైనపుడు, పుట్టుక యెట్టిదో తెలియనిదే కుక్కను కొనుట గ్రుడ్డిబేరము.

పూర్వులు ఈ కుక్కలను ఎఱుగనివారు కారు. ఫ్రాన్సు దక్షిణమున ఫ్వా సంస్థానాధిపతి గాస్టన్ ఫేబుసు 1387లో మొదలుపెట్టిన వేటగ్రంథమున పక్షులను చూపు కుక్కలను వర్ణించి, ఆ జాతి స్పెయినుదేశమునుండి వచ్చినదనెను. ఇంగ్లాండులో కేయస్ అను వైద్యుడు 1570లో ఆ దేశపు కుక్కలను గూర్చి లాటిను భాషలో చిన్న పుస్తకము ప్రకటించెను. మన దక్షిణాపథముననే, కల్యాణపు చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున కుక్కలకొక ప్రకరణము కలదు. వీరందఱును కుక్కను దేశమునుబట్టియు, రూపమునుబట్టియు వర్ణించినవారే. ఈ కుక్కకు ఈ తండ్రి, ఈ తల్లి, వాని తల్లిదండ్రులు వీరు అని తరతరములుగా చెప్పు ఆచారము అప్పటికి పుట్టలేదు.

స్పెయిను రాజ్యాధికారమునకై జరిగిన యుద్ధము 1713లో సంధితో ముగిసిన పిమ్మట, ఇంటికి మరలిన ఇంగ్లీషు సేనానులు ఆ దేశపు బరువైన పాయింటర్లను వెంట తెచ్చిరని పెద్దల వాడుక. 1725 ప్రాంతమున టిల్లెమన్స్ అను చిత్రకారుడు కింగ్‌స్టన్ డ్యూకును ఆయన పాయింటర్ల గుంపుతోకూడ చిత్రించెను. అందలి కుక్కలు అప్పటికే తేలికవి, సొగసైనవి. పదిపదునైదేండ్లలోనే బరువైన జాతి అంత తేలిక పడెనా, లేక అంతకుముందే వేఱు త్రోవలలో కుక్కలు వచ్చియుండెనా? వ్రాతలు లేనిచోట చిత్రమే సాక్షి; ఆ సాక్షి వాడుకమాటను పూర్తిగా సమర్థింపదు.

ఆ శతాబ్ది చివర యార్కుషైరులో కర్నలు థార్న్‌టన్ అను గొప్ప వేటగాడుండెను. ఆయన పాయింటరును నక్కలవేటకుక్కతో కలిపి డ్యాష్ అను కుక్కను పుట్టించెను. దాని వేగము, పనితనము దేశమంతట చెప్పుకొనిరి. తుదకు సర్ రిచర్డు సైమండ్సు దానిని కొనెను. బేరము వినుడు: నూట అఱువది పవునుల విలువగల షాంపేను, బర్గండీ మద్యములు, ఒక పెద్ద పీపాడు ఎఱ్ఱని ద్రాక్షసారాయి, ఒక సొగసైన తుపాకి, పైగా ఇంకొక పాయింటరు. అంతేకాదు; కుక్కకు దెబ్బ తగిలి పనికిరాకపోయినచో ఏబది గినీలకు మరల థార్న్‌టనుకే అప్పగించవలెనని షరతు. దాని వెల ఇంత సవిస్తరముగా నిలిచినది. దాని తాతముత్తాతల పేర్లు నిలువలేదు. ఆ కర్నలుదే ప్లూటో, జూనో అను జంట యుండెడిది. గిల్పిన్ అను చిత్రకారుడు వానిని చిత్రించుటకై ఎదుట కూర్చుండగా, అవి గంటంబావుకు పైగా కదలక పక్షిని చూపుచు నిలిచెనని చెప్పుదురు. చిత్రకారునకు అంతకంటె ఓపికగల నమూనా దొరుకుట కష్టమే.

పరిశోధకునకు పెద్ద చిక్కు పేర్లలో నున్నది. మన యూళ్లలో వీధికి నలుగురు సుబ్బయ్యలున్నట్లు, ఆ దేశపు కుక్కలలో పాంటోలు, జూనోలు, డాన్‌లు, బ్యాంగులు లెక్కకు మిక్కిలి. మన మెట్లు "కరణముగారి సుబ్బయ్య", "చెఱువుక్రింది సుబ్బయ్య" అందుమో, వారును "గార్తుగారి డ్రేకు", "వైట్‌హౌసుగారి హామ్లెటు" అని యజమానిని ముందు పెట్టి చెప్పిరి. కుక్కను అమ్మినచో యజమాని మాఱును, పేరును మాఱును. ఒకే కుక్క రెండు పేర్లతో రెండు వంశములలో కనబడును. రెండు కుక్కలు ఒకే పేరుతో ఒక్కటియై కనబడును.

గార్తుగారి డ్రేకు ప్రసక్తి వచ్చినది కావున ఒక మాట. సర్ రిచర్డు గార్తు న్యాయవాది. ప్రసిద్ధమైన పాయింటర్లను పెంచినవాడు. 1875లో ఆయన కలకత్తా ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయాధిపతియై మన దేశమునకు వచ్చెను. వచ్చుటకు ముందు కుక్కల నమ్మివేసెను. అప్పటికి ముదిసిన డ్రేకును సైతము వేల్సుదేశపు లాయిడ్ ప్రైసు అను జమీందారు 150 గినీలిచ్చి కొనెను. ఆ డ్రేకు ఎంత వేగముగా పరుగెత్తునో, వాసన తగిలినపుడు నిలుచుటకు అవకాశము చాలక నేలబడి దుమ్ము రేపెడిదని చూచినవారు వ్రాసిరి. కలకత్తా తీర్పుల సంపుటములలో గార్తుపేరు చదివిన న్యాయవాదులు మన దేశమున పెక్కుమంది. కుక్కల వంశగ్రంథములలో ఆయన పేరు మఱియొక విధముగా నిలిచినదని వారిలో ఎందఱకు తెలియునో!

ఇక వ్రాతపుస్తకముల కథ. 1859 జూనులో న్యూకాసిల్ పట్టణమున మొదటి కుక్కల ప్రదర్శనము జరిగెను. పాయింటర్లకును సెట్టర్లకును మాత్రమే ప్రవేశము, వచ్చినవి 60. బహుమానములు తుపాకులు. పాయింటర్లకు తీర్పరియైనవాని సెట్టరునకు ఒక బహుమానము, సెట్టర్లకు తీర్పరియైనవాని పాయింటరునకు ఇంకొకటి వచ్చినవి. నే నిందుకు వ్యాఖ్యానము చెప్పను. 1865 ఏప్రిలులో బెడ్‌ఫర్డుషైరునందలి సౌత్‌హిల్‌లో బీటిమీదనే కుక్కల పనితనమునకు మొదటి పరీక్ష జరిగెను. 1873లో షర్లీ అను పెద్దమనిషి పూనికతో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడెను. మఱుసటి యేడు 1859 మొదలుకొని గెలిచిన కుక్కల వంశములతో వారు మొదటి వంశగ్రంథము ప్రకటించిరి. అందు 4,027 కుక్కలు ఎక్కినవి. 1880లో ప్రతి కుక్కపేరును నమోదు చేయవలెనని నియమము పెట్టిరి. దాని మొదటి ప్రయోజనము వంశశుద్ధి కాదు. ఒకే పేరు పలువురు పెట్టుకొనకుండ చూచుట. ఆ చిన్ననియమమునకే చాలమంది అడ్డు చెప్పిరి. తన కుక్కకు తాను పెట్టుకొను పేరునకు ఇతరుల అనుమతి యేల యని వారి వాదము. ఆ నియమము రాకున్నచో నేటికిని ఆ వంశములు చిక్కుదారపు ఉండలే.

ఇప్పుడు వంశావళి పరిశోధనకు ఆయువుపట్టైన వృత్తాంతమునకు వచ్చుచున్నాను. ఎడ్వర్డు లావెరక్ అను వేటగాడు 1825లో కార్లైల్ పట్టణ సమీపమున హారిసన్ అను మతాచార్యుని యొద్ద రెండు సెట్టర్లను కొనెను. మగది పాంటో, ఆడుది ఓల్డ్ మాల్. హారిసన్ ఆ జాతిని అంతకు ముందు ముప్పదియైదేండ్లుగా కలగలుపు లేకుండ పెంచెనని లావెరక్ చెప్పెను. తరువాత తానును అర్ధశతాబ్దము పాటు బయటి నెత్తురు కలుపక, ఆ రెండింటి సంతతిలోనే అన్నకు చెల్లెలిని, తండ్రికి కూతురిని జతపఱచి ఒక జాతి నిలిపితినని ప్రకటించెను. 1872లో "ది సెట్టర్" అను పుస్తకము వ్రాసి, తన శిష్యప్రాయుడైన లెవెలిన్ అను ధనికునకు అంకితమిచ్చెను.

గత శీతకాలమున మా మనుమరాలు ఆ కాలపు పుస్తకములను కంప్యూటరు తెరమీద నాకు చూపించినది. నేను పెద్ద అట్టకాగితము పఱచి, లావెరక్ కుక్కలలో నొకదాని వంశము నెక్కించితిని. తల్లివైపు పోయినను, తండ్రివైపు పోయినను, ఏ కొమ్మ పట్టుకొని ఎక్కినను తుదిని రెండే పేర్లు: పాంటో, ఓల్డ్ మాల్. చెట్టువలె మొదలై తాడువలె ముగిసినది. చూచుటకు వింతయే, నమ్ముటకు మాత్రము మనసు జంకినది.

ఆ కాలముననే జంకినవారున్నారు. కారణము ఒక కుక్కకూన రంగు. లావెరక్ కుక్కలు తెలుపుమీద నల్లచుక్కలతో నీలిగానో, లేత నారింజచుక్కలతోనో యుండెడివి. ఆయన యింటనే పుట్టిన "ప్రైడ్ ఆఫ్ ది బార్డర్" అను కుక్క మాత్రము తెలుపుమీద కాలేజపు రంగు చుక్కలు గలది. ఈ రంగు ఎచ్చటినుండి వచ్చెను? 1874లో రాత్‌వెల్ అను నాతనికి వ్రాసిన జాబులో లావెరక్ తానే గుట్టు విప్పెను. ముప్పదియేండ్ల క్రిందట ఎడ్మండ్ కాసిల్ అనుచోటి కాలేజపు రంగు జాతిని ఒకసారి కలిపితిననియు, ఈ కూన అటువైపు పోయినదనియు ఆ జాబు సారాంశము. అచ్చుపుస్తకములోని వంశపత్రమున ఎడ్మండ్ కాసిల్ కుక్క జాడ లేదు.

ఇచ్చట నిదానముగా ఆలోచింపవలెను. నేటి శాస్త్రము ప్రకారము కుక్కకు రంగునిచ్చు బీజము తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వచ్చును. నలుపు బీజమొకటియున్నచో కాలేజపు రంగు బీజము దానిచాటున అణగియుండును, పైకి కనబడదు. అట్లు అణగినవి రెండు కుక్కలు జతపడినచో, పుట్టిన కూనలలో సగటున నాలుగింట ఒకదానికి ఆ రంగు బయటపడును. ముప్పదియేండ్లు కనబడని రంగు ఒకనాడు కనబడుటకు ఇదియే మర్మము. కావున రంగు మాత్రమే చూచి లావెరక్ అబద్ధికుడనుట న్యాయము కాదు; ఆ బీజము పాంటోలోనో ఓల్డ్ మాల్‌లోనో మొదటినుండియు దాగియుండవచ్చును. ఆయనను పట్టియిచ్చినది రంగు కాదు, ఆయన జాబే. రంగు ప్రశ్న వేసినది, జాబు బదులు చెప్పినది.

ఒక్కసారి కలుపుటలో తప్పేమి? తప్పు లేదు. బహుశః ఆ కలయికయే జాతిని బ్రదికించినది. పుస్తకమున దానిని చెప్పకపోవుటయే తప్పు. "అర్ధశతాబ్దపు శుద్ధి" అను మాటకు వెల కలదు. "ఒకసారి కలిపితిని" అను మాట పడినచో ఆ వెల తగ్గును. నా యభిప్రాయమున అచ్చున వంశము దిద్దబడుటకు కారణ మింతకంటె దూరము వెదకనక్కఱలేదు.

మన శాసనములు చదివినవారి కీ రోగము క్రొత్తది కాదు. వేంగీచాళుక్యుల తొలినాటి తామ్రశాసనములలో దాత పేరు, తండ్రి పేరు, తాత పేరుతో సరి. తరువాతివానిలో కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏండ్లు పాలించెనని మొదలుపెట్టి రాజులందఱి పాలనకాలము వరుసగా చెప్పిరి; అవి చరిత్రకారులకు బంగారము. 11వ శతాబ్ది ఆరంభమున విమలాదిత్యుని రణస్థిపూండి శాసనము వచ్చుసరికి వంశము చంద్రుని దాక ఎక్కి, అయోధ్యలో 59 మంది చక్రవర్తులు పాలించిరని చేరినది. కాలము గడచినకొలది వంశము క్రిందికి పెరుగుట సహజము. పైకి పెరిగినచో పరీక్షింపవలెను.

లావెరక్ 1877లో మరణించెను. లెవెలిన్ ఆయన కుక్కలను డ్యూకు, రోబీ అను వాని సంతతితో కలిపి మఱియొక శాఖను స్థాపించెను. అవి ఓడలలో అమెరికా చేరినవి. అచ్చట "నీలినెత్తురు" కుక్కలని వానికి పిచ్చి వెలలు పలికినవి. అంతకుముందే ఆ దేశమున పనిచేయుచున్న సెట్టర్లను "దేశవాళివి" అని చులకన చేసిరి. టెన్నెసీలో క్యాంబెల్ సోదరులు ఆ చులకన సహింపలేదు. వారి కుక్క జో జూనియర్. తండ్రి ఐరిషు సెట్టరు, తల్లి దేశవాళి. మెంఫిస్ పట్టణపు బ్రైసన్‌గారి గ్లాడ్‌స్టోను పేరుపొందిన నీలినెత్తురు కుక్క. 1879 డిసెంబరులో రెండు దినములు ఆ రెండింటికి పూరేడుపిట్టల బీటిలో పందెము జరిగినది. జో జూనియర్‌కు 61, గ్లాడ్‌స్టోనుకు 52.

దీనితో దేశవాళి కుక్కల కీర్తి పెరిగి, కాగితపు వంశముల పిచ్చి తగ్గియుండునని మీరనుకొందురు. తగ్గలేదు. తరువాతి వంశగ్రంథములు తిరగవేసినచో తరచుగా కనబడునది ఓడిన గ్లాడ్‌స్టోను పేరే. పందెము రెండుదినములలో ముగియును; పుస్తకము అలమారలో నుండును; కూనలు కొనువాడు పుస్తకము చూచును. గ్లాడ్‌స్టోను చెడ్డకుక్క యని నే ననను, అదియు గొప్పదే. జో జూనియర్ వంటి కుక్కలకు వ్రాసిపెట్టువారు తక్కువైరని మాత్రమే నా విచారము. మన గ్రామములలో ఎన్ని మంచి ఎడ్లజాతులు, ఎన్ని మంచి వడ్లు వ్రాసిపెట్టు దిక్కులేక పేరు మాసినవో మీకు నాకంటె బాగుగ తెలియును.

ఈ గందరగోళమునంతటిని తవ్విపోసిన పరిశోధకులలో నేను మిక్కిలి గౌరవించువాడు విలియమ్ ఆర్క్‌రైట్. నూలుమరలకు ప్రసిద్ధుడైన రిచర్డు ఆర్క్‌రైట్ వంశమువాడు. డెర్బీషైరున సటన్ స్కార్స్‌డేల్ ఆయన నివాసము. 1902లో పాయింటరును గూర్చియు, దాని పూర్వులను గూర్చియు పెద్ద గ్రంథము ప్రకటించెను. అందుకై స్పెయిను, ఇటలీ, ఫ్రాన్సు దేశముల గ్రంథాలయములను గాలించి, పాత వేటపుస్తకములను, చిత్రపటములను ఒకచోట చేర్చెను. ఇతరులు "వినికిడి" అని వ్రాసినచోట ఆయన "ఎవరు వినిరి, ఎప్పుడు వ్రాసిరి" అని అడిగెను. ఆయనకు ఒక పట్టుదలయు కలదు: నక్కలవేటకుక్క నెత్తురు పాయింటరును చెఱచినదని. ఆ ఆవేశములో ఒక్కొక్కచోట సాక్ష్యమునకు మించి పోయెనని నాకు తోచును. ఐనను సాక్ష్యమును దాచలేదు. మన యెదుట పఱచెను. అందుచేతనే ఆయనతో విభేదింపదలచిన వానికిని ఆయన పుస్తకమే ఆధారము.

ఇట్టి పరిశోధన చేయువాడు కాగితమును ఎట్లు పరీక్షించును? మొదట తేదీలు. ఆడుకుక్క చూలు సుమారు 63 దినములు. జతపఱచిన తేదీకి, ఈనిన తేదీకి ఆ లెక్క కుదురకున్న తండ్రి వేఱు. తల్లి పుట్టిన ఏడాదికి, చివరి ఈతకు నడుమ పదునాలుగేండ్లున్నచో ఆ తల్లి వేఱొక కుక్క, పేరొక్కటియే. పిమ్మట రంగులు, లావెరక్ కథలో చూచితిమి. పిమ్మట నమ్మకముల కల్తీ. 1821లో మార్టన్ ప్రభువు తన యాడుగుఱ్ఱము ఒకసారి చారలుగల క్వాగా యను అడవిజంతువునకు ఈనిన తరువాత, వేఱు గుఱ్ఱమునకు ఈనిన పిల్లలకును చారలు వచ్చినవని ప్రకటించెను. దానిని నమ్మి కుక్కల పెంపకందారులు, ఒకసారి ఊరకుక్కతో కలిసిన మేలుజాతి యాడుకుక్కను జన్మాంతము వెలివేసిరి. ఆ శతాబ్ది చివర స్కాట్లాండున కాసర్ ఎవర్టు చారలగుఱ్ఱములతో ప్రయోగములు చేసి, అది వట్టి భ్రమయని తేల్చెను. నిరపరాధులైన ఆ తల్లుల పేర్లు పుస్తకములలో లేవు.

తల్లుల మాట వచ్చినది. వంశము చెప్పువాడు సాధారణముగా తండ్రి, తండ్రి తండ్రి, వాని తండ్రి అని ఒక్క మగవరుసనే పట్టుకొని పోవును. కుక్కల పత్రములలోను ఇదే వ్యామోహము: "మావాడు డ్రేకు వంశము" అని గొప్ప. ఐదవ తరమున పూర్వులు ముప్పదియిరువురు. ఆ డ్రేకు వారిలో ఒక్కడు. మిగిలిన ముప్పదియొక్కరి సంగతి యేమి? పదవ తరమున వేయి యిరువదినలుగురు. మంచి పెంపకందారులు ఈ సంగతి గ్రహించి ఆడుకుక్కల వరుసనే గట్టిగా కాపాడుకొనిరి. మన యిండ్లలోని వంశావళులు విప్పి చూడుడు. ఏడుతరముల తాతల పేర్లు కనబడును, ముత్తవ్వ పేరొక్కటి కనబడదు. కుక్కల పుస్తకములోనైనను తల్లికొక గడి కలదు.

1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్యూవల్ రైట్ దగ్గఱి సంబంధములను అంకెలలో కొలుచు సూత్రము చెప్పెను. తోడబుట్టినవి జతపడినచో పుట్టినదానికి నాలుగింట ఒక వంతు. అనగా దాని బీజముల జంటలలో అంతభాగము ఒకే పూర్వునినుండి రెండువైపుల దిగివచ్చినవై యుండవచ్చును. అట్లైనపుడు దాగియున్న దోషములు బయటపడును. లావెరక్ వంశపత్రము అక్షరాల నిజమైనచో ఈ అంక మెంత పెరుగునో ఊహించుడు. ఇదే సూత్రము మనుష్యులకును వర్తించును: మేనమామ, మేనకోడలి సంతానమునకు ఎనిమిదింట ఒకటి, మేనత్త మేనమామ బిడ్డల సంతానమునకు పదునాఱింట ఒకటి. మాతులకన్యా వివాహము దక్షిణాత్యుల ఆచారమని బౌధాయనుడే చెప్పెను కదా. మనము మగవరుసలో గోత్రమును పాటించి, ఆడువరుసలో తలుపు తెఱచియుంచితిమి. వైద్యులు నేడు ఈ విషయమున చెప్పు మాటను పెద్దలు చెవిని బెట్టుట మంచిది.

ఇప్పుడు కాగితమునకు మించిన సాక్షి వచ్చినది. కుక్క బుగ్గలోపల దూదిపుల్ల రాచి, ఆ తడిలోని డీఎన్‌ఏను పరీక్షించి, తండ్రి యెవరో, తల్లి యెవరో నిశ్చయింపవచ్చును. 2005లో కుక్కయొక్క సమస్త బీజలిపి ప్రకటింపబడినది. నమోదు సంఘములు పలుచోట్ల ఈ పరీక్షను కోరుచున్నవి. బ్రదికియున్నవాని విషయమున ఇక వివాదము లేదు. చచ్చినవాని విషయమున మాత్రము పుస్తకములు, జాబులు, పటములే శరణ్యము.

కుక్కలశాల పేరు కుక్కకు ఇంటిపేరగుట ఇంకొక ముచ్చట. అమెరికాలో పాయింటర్లకు ప్రసిద్ధికెక్కిన రాబర్టు వేలీ తన ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరములను వెనుకనుండి చదివి "ఎల్హ్యూ" అని శాలకు పేరు పెట్టెను. ఆయన కుక్కలన్నియు ఆ పేరుతోనే పిలువబడెను. మన ఒంగోలు పశువులకును ఇట్టి భాగ్యము పట్టినది. 1960 తరువాతి యేండ్లలో బ్రెజిలు దేశమునకు చేరిన ఒక ఆబోతు, తాను పుట్టిన ఒంగోలు సమీపపు గ్రామము పేర "కర్వాది" యని అచ్చటి వంశగ్రంథముల కెక్కినది. దాని సంతతి నేడు ఆ ఖండమున లెక్కకు మీఱినది. మన కరవది పెద్దలు ఆ పుస్తకమును చూచినచో తమ ఊరిపేరు ప్రతి పుటలో చదువుకొనవచ్చును.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమున గ్రాండ్ జంక్షన్ అను చిన్న ఊరున పక్షికుక్కల వస్తుప్రదర్శనశాల కలదు. అందు అద్దపుపెట్టెలో ఒక సెట్టరు నిలిచియున్నది. పేరు కౌంట్ నోబుల్. లెవెలిన్ పెంపకమున పుట్టి, 1880లో ఓడ దిగి, 1891లో చనిపోయినది. యజమాని విల్సన్ దాని చర్మమును ప్రాణమున్నదానివలె నిలువబెట్టించెను. చాలకాలము పిట్స్‌బర్గులో ఉండి పిమ్మట ఇచ్చటికి వచ్చినది. దాని పత్రమున తండ్రి కౌంట్ విండెమ్, తల్లి నోరా. ఆ కొమ్మలను పట్టుకొని పైకి పోయినచో లావెరక్ కుక్కలు, ఆ పైన పాంటో, ఓల్డ్ మాల్ అని వ్రాసియున్నది. ఆ నడుమ ఎక్కడనో ఎడ్మండ్ కాసిల్ కుక్క యొకటి ఉండవలసిన గడి ఇప్పటికిని వేఱొక పేరుతో నిండియున్నది.